బావకు ఇవ్వని బంగారం

మాది రుద్రూరు పక్కన చెరుకు తోటల మధ్య ఊరు. దసరా సాయంత్రం ఊరంతా జమ్మి చెట్టు దగ్గరికి పోతుంది. చిన్నవాళ్లు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు, పెద్దలు దగ్గరికి తీసుకుంటారు. ఆ ఆకునే బంగారం అంటాం. ఎంత పగ ఉన్నా ఆ రోజు ఎవరూ చెయ్యి వెనక్కి తీసుకోరు.

నా భర్త అన్న, మా బావ, తీసుకున్నాడు.

అది మొన్నటి దసరా కాదు, అంతకు ముందుది. శనివారం. సైన్యంలో ఉన్న నా కొడుకు పండుగకు వారం ముందే తొడకు కట్టుతో సెలవు మీద వచ్చాడు. సరిహద్దు కొండ మీద కాల్పులు జరిగాయని మాత్రం చెప్పాడు. మిగతాది చెప్పకూడదన్నాడు. అదే పటాలంలో ఉన్న మోర్తాడ్ కుర్రాడు ఒకడు మా బావకు ఫోన్ చేసి, తూటాలు వస్తుంటే మావాడు కొండ దిగిపోవడం చూశానన్నాడట. బావకు అంత చాలు. నాలుగు రోజుల్లో బోధన్ బస్టాండులో చాయ్ తాగేవాళ్లకు కూడా ఆ మాట చేరింది.

చెట్టు దగ్గర నా కొడుకు కర్ర ఊతంతో నిలబడి, అందరికంటే ముందు తన పెద్దబాపుకే ఆకు అందించబోయాడు. ఊళ్లో మొదటి బంగారం ఎప్పుడూ ఆయనకే.

"కొండ దిగి ఉరికొచ్చినోని చేతి బంగారం నాకొద్దు" అన్నాడు బావ.

"ఉరుకుడుకే కాలు గిట్లయిందా ఏంది?" అని వెనక ఎవరో అంటే కొందరు నవ్వారు. నా కొడుకు ఆ ఆకును జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. నవ్విన ప్రతి ముఖాన్నీ నేను చూసి పెట్టుకున్నాను.

జనవరిలో పతకం ప్రకటించారు. ఎందుకిస్తున్నారో అప్పుడు తెలిసింది. వాడు కొండ దిగిన మాట నిజమే. దెబ్బ తిన్న తోటి సిపాయిని వీపున మోసుకుని దిగాడు. కింద అప్పగించి, మళ్లీ ఎక్కాడు. పైన మిగిలిన రెండోవాణ్ణి తెస్తుంటే తొడలో తూటా దిగింది. అయినా వాణ్ణి వదల్లేదు. మోర్తాడ్ కుర్రాడు వీపు మీది మనిషిని చూడలేదో, చూసీ చెప్పలేదో నాకు తెలియదు. బావ మాత్రం అడగలేదు.

వారం తిరగకుండా బావ పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో నా కొడుకు ముఖం ఎంతుందో ఆయన ముఖమూ అంతే ఉంది. దించేశాక దాన్ని అడిగి తెచ్చుకున్నాను. కొడుకు బొమ్మ కోసి దాచాను. బావ బొమ్మను బర్రెల కొట్టంలో వాన జల్లు కొట్టే వైపు కట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్నటి దసరా గురువారం వచ్చింది. నా కొడుకు మళ్లీ సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. మధ్యాహ్నమే బావ మా ఇంటికి వచ్చాడు.

"బిడ్డా, నా మనవడు ఆకు తెచ్చిండు. ఇంట్లనే ఇచ్చుకుందాం, పా."

నా కొడుకు లేవబోయాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఇంట్ల కాదు బావా. వద్దన్న కాడికే వచ్చి తీసుకోండ్రి."

సాయంత్రం చెట్టు దగ్గర, నేను చెప్పినట్టే నా కొడుకు ముందు మిగతా పెద్దలకు, తర్వాత ఈడువాళ్లకు, చివరికి చంకన ఉన్న పసిపిల్లలకు కూడా ఆకు పెట్టాడు. బావ చెయ్యి చాపుకుని నిలబడే ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి తర్వాత ఆయన చేతిలో ఆకు పెట్టి నా కొడుకు మొక్కాడు. బావ వాణ్ణి పట్టుకుని ఏడ్చాడు.

"అయిపాయె కదనే అవ్వా" అని నా కొడుకు నాతో అన్నాడు.

"నీది అయిపాయె" అన్నాను.

బావ నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. నా గుప్పిట్లో ఆకు ఉందని ఆయనకూ కనబడుతోంది.

"ఉరికొచ్చినోని తల్లి చేతి బంగారం మీకెందుకు బావా?" అని ఊరందరికీ వినబడేలా అన్నాను.

ఆకు ఇంటికి తెచ్చి నా భర్త ఫోటో ముందు పెట్టాను. వచ్చే దసరాకూ ఆయన చెయ్యి చాపుతాడు. చాపనీ.