మధ్య బెంచీల ఎత్తు

బేతంచెర్లలో నేను లెక్కలు చెప్పిన ప్రైవేటు బడికి కరస్పాండెంటు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు. ఆయనకు పిల్లలైనా బండలైనా ఒకటేనని టీచర్లం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ ఏడు తొమ్మిదో తరగతికి ఇద్దరం లెక్కల టీచర్లం. ఏ సెక్షన్‌కు ఒక సారు, బి సెక్షన్‌కు నేను. సంక్రాంతి సెలవులయ్యాక పెద్దాయన చల్లగా ఒక మాట వదిలాడు. వచ్చే ఏడు మాలో ఒకరినే ఉంచుకుంటాడట, ఎవరి సెక్షన్‌కు మార్కులు ఎక్కువొస్తే వాళ్లనట.

నాకు ఒళ్లు మండింది. ఏ సెక్షన్ అంటే పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలు. అమ్మానాన్నలు క్వారీకి పోతే చిన్నవాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఆగిపోయేవాళ్లు, నిన్నటి పాఠం నిన్ననే మరిచిపోయేవాళ్లు అందరూ నా పాలే. నేరుగా ఫ్యాక్టరీకే పోయి అడిగేశాను.

"మంచి రాయి ఆయనకిచ్చి, గరుకు రాయి నాకిచ్చి, ఎవరి బండ ఎక్కువ మెరుస్తుందో చూస్తానంటే న్యాయమేనా సార్?"

పిల్లల్ని రాళ్లన్నందుకు వెంటనే నాలుక కరుచుకున్నాను. కానీ ఆయనకు ఎక్కే భాష అదే మరి.

"న్యాయం కావాల్నా? సరేమ్మా, మార్కులొద్దు. నేనే క్లాసుకొచ్చి చూస్తా," అన్నాడు.

బండలు కొనేవాడు వరసలో ముందు నిలబెట్టిన బండను నమ్మడు. మధ్యలోంచి ఒకటి లాగించి, నీళ్లు చల్లి, పగులుందేమో చూస్తాడు. ఈ సంగతి మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ముందు బెంచీలో తెలివైనవాళ్లను కూర్చోబెట్టడం చేతకానివాళ్ల పని! నేను మాత్రం బాగా లెక్కలు చేసేవాళ్లందరినీ మధ్య బెంచీల్లో సర్దాను. నన్ను మించిన ఘటం లేదనుకున్నాను.

పెద్దాయన వచ్చాడు. మధ్య బెంచీల దాకా నడిచి ఆగాడు. నావైపు చూసి మీసాల్లో నవ్వాడు.

"బండలమ్మీ అమ్మీ తల నెరిసిందమ్మా నాకు," అని తిన్నగా చివరి బెంచీకి పోయాడు.

నా కొంప మునిగింది. అక్కడున్నది ఒకరోజు వస్తే రెండురోజులు రాని పిల్ల.

"బోర్డు మీద లెక్క చెయ్యి పాపా."

"రాదు సార్."

"మీ మేడం చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలా! మొన్న చెప్పింది, నిన్న చెప్పింది, రేపూ చెప్తాది. మాకు వచ్చేదాంకా వదల్దు సార్. శానా మొండిది."

క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఏ సెక్షన్‌లో చివరి బెంచీ అబ్బాయి అదే లెక్కను గడగడా చేసేశాడట. "ఎవరు నేర్పినారప్పా?" అని పెద్దాయన మురిసిపోతూ అడిగితే, "ట్యూషన్లో సార్," అన్నాడట. పాపం, ఆ సారు ముఖం చూడాల్సింది.

సాయంత్రం మా ఇద్దరినీ పిలిపించాడు.

"ఇద్దరూ ఉండండి. పదో తరగతికి సెక్షన్లు మారుస్తాండా. మేడంకు ఏ, సారుకు బి. అప్పుడు తెలుస్తాది ఎవరి పనితనమెంతో."

ఉద్యోగం నిలిచినందుకు దండం పెట్టి రావాల్సింది పోయి, "నా పిల్లల్ని నేనివ్వను సార్!" అని గొడవకు దిగాను.

"న్యాయం కావాలని వచ్చింది నువ్వే కదమ్మా?"

అప్పుడు దండం పెట్టి బయటికొచ్చాను. మర్నాడు బి సెక్షన్‌లో ఈ సంగతి చెబుతూ చెబుతూ పిల్లలకు ముఖం కనబడకుండా బోర్డు వైపు తిరిగాను. చివరి బెంచీ పిల్ల లేచి నన్ను ఓదార్చింది.

"దిగులు పడొద్దండి మేడం. కొత్తలో మీకు మాత్రం యాడొచ్చె, మాకు చెప్పేది? మేం మిమ్మల్ని తయారు చేసుకోలా? ఆ సారును గూడా చేసుకుంటాం లెండి."