గేటు దగ్గర దిగడం

ఎండలో మూసి ఉంచిన కారు తలుపు తీయగానే వేడెక్కిన రెగ్జిన్ వాసన ముఖానికి కొడుతుంది. నిన్న సంగారెడ్డిలో ఒక పెళ్లికి బయలుదేరినప్పుడు మా మేనల్లుడి కారులోంచి అదే వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది కార్లు కాదు, కారు వదులుకున్న ఒక మనిషి. మా సుగుణ మేడం.

పటాన్‌చెరు దగ్గర పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమె అడ్మిన్ మేనేజరు. కంపెనీ వాహనాలన్నీ చూసే నేను ఆమె కింద పనిచేసేవాణ్ణి. ఆమె సంగారెడ్డిలో చర్చి బడి పంతులు గారి కూతురు. మాది లక్డారం అవతల ఒక ఊళ్లో కోటలాంటి గడి ఉన్న దొరల ఇల్లు. భూములు కొన్ని సీలింగు చట్టంలో పోయాయి, కొన్ని కోర్టుల్లో కరిగాయి, మిగిలినవి చిన్నాయనలు అమ్ముకున్నారు. నాకు ఊహ తెలిసేసరికి గడికి గోడలే మిగిలాయి. "గోడలు వంగితె వంగనీ, నువ్వు వంగకు" అనేవాడు మా నాయన. నేను వంగలేదు. సాయంత్రం కంపెనీ ఇచ్చిన తెల్ల కారు మా ఊరి మూలమలుపు తిరిగితే, చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు "దొర కారొచ్చె" అని లేచేవాళ్లు. మా ఇంటికి ఆ మాత్రం మర్యాద ఇంకా దక్కుతోందని నా ధైర్యం.

రెండు వేల సంవత్సరం దాటాక కంపెనీ కొత్త ఆఫీసు కట్టింది. దానికి హరిత భవనమనే గుర్తింపు కావాలన్నారు. ఎండ, నీరు, కరెంటు నియమాలన్నీ సరిపోయాయి. పేచీ పార్కింగ్ దగ్గర వచ్చింది. బండ్లు నిలిపే చోటు మితంగానే ఉండాలని నియమం. కంపెనీ పనికి మాత్రమే తిరిగే వాహనాల చోటును ఆ లెక్కలో కలపరు. అయితే ఆ వాహనాల్లోనే ఉద్యోగులు ఇళ్లకు వెళ్లి వస్తుంటే, ఆ చోటు కూడా లెక్కే. మావి కలిపితే మితి దాటిపోతుంది.

సలహా చెప్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు నవ్వేశాడు. "కంపెనీ పనికి మాత్రమే అని రాసేయండి మేడం. సాయంత్రం మీ కారు ఎక్కడుందో చూడటానికి ఎవరొస్తారు?"

"ఎవ్వరూ రారు. కానీ కింద సంతకం నాది గద" అన్నారామె. తర్వాత నావైపు తిరిగారు. "కార్లు ఇండ్లకు పోవుడు బంద్, రావు గారూ. ఇయ్యాల్టి సంది సాయంత్రం తాళాలన్నీ నా బల్ల మీదికి రావాలె. ముందుగాల నాది."

ఇంజనీరు వెళ్లేదాకా ఆగి, "నేను బస్సుల రాను మేడం. గట్లయితే నౌకరే ఇడిసిపెడ్త" అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "ఇడిసిపెట్టుండ్రి. రేపెవరన్న అడిగితె ఏం చెప్తరు? కారు తీస్కున్నరు, అందుకే ఇడిసిపెట్టిన అంటరా? మీ ఇంటి పేరు గంత అగ్గువదా, ఒక్క కారుకు పోనీకి?"

ఆ సాయంత్రం నా కారు తాళం ఆమె తాళం పక్కనే పెట్టాను. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఊరి బస్సు స్టేజీ దగ్గర నిలబడ్డాను. సంగారెడ్డి నుంచి వచ్చే కంపెనీ బస్సు ఆగింది. ఎక్కేసరికి కిటికీ పక్కన సుగుణ మేడం కూర్చుని ఉన్నారు. వెనక నుంచి మా ఊరి ఫిట్టరు యాదయ్య అరిచాడు. వాళ్ల నాయన ఒకప్పుడు మా ఎడ్లబండి తోలేవాడు.

"ఏంది దొరా, కారుకు జెరమొచ్చిందా?"

బస్సంతా ఒకటే నవ్వు. "జెరం రాలె. తాళం నేనే ఏసిన. జెర జరుగు" అన్నాను. యాదయ్య తడబడి లేచి సీటు చూపించాడు. "కూసో దొరా."

"నువ్వు కూసో. నాకన్న ముందు ఎక్కినోళ్లే నిలబడ్డరు."

మేడం తల తిప్పకుండానే అన్నారు: "నడుము నిటారుగ ఉన్నోళ్లకు బస్సుల నిలబడుడు సులువుగ ఉంటది లే."

బస్సు గేటు దగ్గరే ఆగేది. అక్కడి నుంచి ఆఫీసుకు వేపచెట్ల కింద చాలా దూరం నడవాలి. ఆ మొదటి రోజు నడకలో ఆమె చెప్పారు: "మా తాత ఆదివారం వాక్యం చెప్పనీకి మీ ఊరి దిక్కు సైకిల్ మీద పోయేటోడు. మీ గడి రాంగనే దిగి నడిచి, దాటినంక ఎక్కేటోడట."

గడి ముందు ఎవరూ బండి మీద పోకూడదన్న కట్టుబాటు నాకు తెలుసు. అందులో ఆమె తాత కూడా ఉన్నాడని తెలియదు. "ఇన్నేండ్ల సంది చెప్పనే లేదేంది మేడం?"

"మీరు కార్ల ఉన్నప్పుడు చెప్తె ఎక్కిరిచ్చినట్టుంటది. ఇప్పుడు ఇద్దరం నడుస్తనే ఉన్నం గద."

అంతే. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు కానీ, మర్నాటి నుంచి బస్సు కోసం నిలబడటం నాకు బరువనిపించలేదు.

గుర్తింపు ఇవ్వడానికి పరిశీలకుడు వచ్చినప్పుడు ఫ్యాక్టరీ వదిలే వేళైంది. షెడ్డులో కార్లన్నీ వరుసగా ఉన్నాయి. గేటు దగ్గరికొచ్చి "మేనేజర్లు ఇళ్లకు ఎలా వెళ్తారు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే యాదయ్య బస్సు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"మేడం లోపట్నే కూసున్నది సార్! మా దొర కూడ గిండ్లనే వస్తడు. మీరు ఎక్కుతె మీకూ సీటిస్తం!"

పెద్దమనిషి నవ్వి బస్సు లోపలికి తొంగి చూశాడు. మేడం కూర్చున్న చోటు నుంచే నమస్కారం పెట్టారు. గుర్తింపు వచ్చింది. దాని ఫలకం ఆఫీసు ద్వారం పక్కన బిగించారు. మా తాతల పేర్లు చెక్కిన రాయి గడి గోడతోపాటే పడిపోయింది. నా పేరు లేని ఆ ఫలకాన్ని చూసినప్పుడల్లా మాత్రం ఛాతీ ఉప్పొంగేది. అందులో ఒక్క అబద్ధం లేదు.

మేడం రిటైరైన రోజు పూలదండలతో ఇంటికి పంపడానికి కంపెనీ కారు సిద్ధం చేశారు. "అది ఇంటికి పోయే కారు కాదు" అని ఆమె దండ చేత్తో పట్టుకుని బస్సెక్కారు. ఆ రోజు ఆమె కోసం బస్సంతా లేచి నిలబడింది. ఎవరూ లేవమనలేదు.

నిన్న ఫంక్షన్ హాలు గేటు రాగానే మేనల్లుణ్ణి ఆపమన్నాను.

"మెట్ల దాక పోతది గద మామా కారు!"

"కారు పోతదిరా. నేను నడుస్త" అని దిగాను.