నెమలి బోర్డు మీద ఈక

విజయవాడలో మేముండే అపార్ట్‌మెంటు మెట్ల పక్కన ఇనుప కమ్మీలకి నిన్నటి నుంచి రంగులు వేస్తున్నారు. ఎనామిల్‌లో టర్పెంటాయిలు కలిసిన ఆ ఘాటు వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంటే పక్క ఫ్లాట్ల వాళ్లు కిటికీలు మూసుకుని విసుక్కుంటున్నారు గానీ, నేనూ మా నాన్నా మాత్రం కాఫీ గ్లాసులు పట్టుకుని వెళ్లి ఆ మెట్ల మీదే కూర్చున్నాం. రంగులు వేసే మనిషి మమ్మల్ని వింతగా చూశాడు. నాకది తిరువూరులో మా ఇంటి వాసన, మా నాన్నకి అన్నం పెట్టిన వాసన.

నాన్న బోర్డులు రాసేవాడు. ఇంటి ముందు రేకుల వసారాయే ఆయన పనిచోటు. అక్కడి నేల అసలు రంగేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద నీలం, పొరలు పొరలుగా ఒలికి గట్టిపడి, ఎండాకాలం మధ్యాహ్నాలు కాలికి మెత్తగా తగిలేది. రేకుకి ముందు పసుపు రంగు పూసి, రెండు రోజులు ఆరనిచ్చి, నీలం పొడిలో ముంచిన దారాన్ని రెండు కొసలా బిగించి మధ్యలో లాగి వదిలితే ఠప్పున తిన్నటి గీత పడేది. రెండో కొస పట్టుకోవడానికి నేనూ మా అమ్మా పోటీపడేవాళ్లం. నాన్న అక్షరాల ఒళ్లు ముందు రాసుకుంటూ పోయి, లైను మొత్తం అయ్యాక కుంచె మార్చి, తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టుకొచ్చేవాడు. అలాగైతేనే అన్నీ ఒకే వాలులో ఉంటాయట. తలకట్లు పడనంతసేపూ ఆ లైను నా కంటికి జడలు వేయించుకోకుండా బడికి బయల్దేరిన పిల్లల్లా కనిపించేది.

అక్షరాలు కూడబలుక్కుని చదవడం కంటే ముందే అవి ఎవరు రాశారో పోల్చుకోవడం వచ్చింది నాకు. ఊళ్లో నాన్న కాక ఇంకో ఇద్దరు రాసేవాళ్లుండేవారు. ఒకాయన 'క' నడుము మరీ సన్నగా తీసేవాడు, ఇంకొకాయన అక్షరానికి ఎర్ర నీడ వెయ్యందే వదిలేవాడు కాదు, కిరాణా కొట్టయినా కట్టెల అడితయినా సరే. తొలకరికి ముందు విత్తనాల కంపెనీల వాళ్లొచ్చి రోడ్డు పక్క గోడలన్నిటికీ సున్నం కొట్టించి పత్తి విత్తనాల పేర్లు రాయించేవాళ్లు. వినాయక చవితికి పందిళ్ల ముందు కట్టే గుడ్డ బానర్లు. డిసెంబరు వచ్చిందంటే చర్చి గోడల మీద వాక్యాలకి మళ్లీ కొత్త రంగు, అది రాసినన్నాళ్లూ పాస్టరుగారింటి నుంచి మాకు నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ జంతికలూ. ఆ తర్వాత పెళ్లిళ్లు, పెళ్లివారి గోడ మీద పిల్లా పిల్లాడి పేర్లు, పక్కన అరటి చెట్టు బొమ్మ, రాసొచ్చిన నాన్న చేతిసంచీలో బూందీ లడ్డూల పొట్లం. ఆ పొట్లం కాగితానికి నెయ్యి అంటిన చోట అవతలి వైపు అచ్చు అక్షరాలు తిరగబడి కనిపించేవి. లడ్డూ తినేశాక అందరూ కాగితం పారేస్తే నేను దాచుకునేదాన్ని, చీమలు పట్టి అమ్మ చేత తిట్లు తినేదాన్ని.

ఆ రోజుల్లో బస్సు ముందు అద్దం దగ్గర పెట్టే ఊళ్ల పేర్ల రేకులు కూడా నాన్నే రాసేవాడు. గంపలగూడెం, విస్సన్నపేట, మైలవరం, ఎ.కొండూరు. అన్నీ పసుపు మీద నలుపు, ఏ హంగూ లేకుండా, దుమ్ము రేపుకుంటూ వస్తున్న బస్సుని దూరం నుంచే పోల్చుకునేలా ఉండేవి. ఒక్క నెమలి బోర్డుకి మాత్రం 'లి' మీది గుడిని అలాగే సాగదీసి, కుడివైపు పై మూలకి తీసుకెళ్లి, కొసన నెమలీకకి ఉండే కన్ను పెట్టేవాడు. ఊరి పేరు నెమలి కాబట్టి ముచ్చటపడి వేశాడని అందరం అనుకునేవాళ్లం.

మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, ప్రతి శనివారం ఆ బస్సెక్కి నెమలి వేణుగోపాలస్వామి గుడికి వెళ్లొచ్చేది. తాతయ్య పోయాక ఆవిడకంటూ మిగిలింది ఆ ఒక్క ప్రయాణమే. మిగతా ఆరు రోజులూ ఇంట్లో అందరి పనులూ నెత్తిన వేసుకునే మనిషి, శనివారం పొద్దున మాత్రం గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, బుట్టలో కొబ్బరికాయా తమలపాకులూ సర్దుకుని, ఎవరు పిలిచినా పలక్కుండా ఒక్కతే వెళ్లిపోయేది. బస్టాండులో తక్కిన ఆడవాళ్లు ఇది ఏ ఊరి బస్సని వచ్చేపోయే వాళ్లందర్నీ అడుగుతుంటే, ఈవిడ తలెత్తి బోర్డు వంక ఒక్క చూపు చూసి దర్జాగా ఎక్కి కూర్చునేది. బోర్డులు రాసేవాడి తల్లి కదా అని వాళ్లంతా ఈవిణ్ణే అడగడం మొదలుపెట్టారు. నెమలి బస్సయితే అవుననేది, కాకపోతే కాదనేది. మరి ఏ ఊరిదో మాత్రం చెప్పేది కాదు. ఆ సంగతి నేను అప్పట్లో పట్టించుకోలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా, దసరా సెలవుల్లో ఒక రోజు నాన్న గంపలగూడెంలో ఎరువుల కొట్టుకి బోర్డు రాయడానికి వెళ్లాడు. వసారాలో కొత్తగా రాసిన ఎ.కొండూరు బోర్డు ఆరి సిద్ధంగా ఉంది. నా కంటికి అది మరీ బోసిగా కనిపించింది. అప్పటికి నెల రోజులుగా నోటు పుస్తకాల వెనకా, బండల మీదా వేసి వేసి ఆ నెమలీకని పట్టేశాను. ఇంకేం, సన్న కుంచె తీసుకుని, 'రు' కొమ్ము కొసని పట్టుకుని పైకి లాగి, కుడి మూలలో కన్ను పెట్టేశాను. సాయంత్రం డిపో మనిషి వచ్చి, ఈసారి బోర్డు కళగా ఉందే అంటూ పట్టుకుపోయాడు. ఆ మాటకి నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు. నాన్నకి తనంతట తాను చూసి మెచ్చుకునే దాకా చెప్పకూడదని ఊరుకున్నాను.

ఆ శనివారం నాయనమ్మ వెంట మా ఎదురింటి రాఘవమ్మగారూ ఆవిడ తోడికోడలూ కూడా బయల్దేరారు. కొడుక్కి కామెర్లు తగ్గితే స్వామికి పొంగలి చేసి పెడతానని రాఘవమ్మగారి మొక్కు. కొత్త గిన్నే, బియ్యం, బెల్లం మూట కట్టుకున్నారు. బస్సు రాగానే నాయనమ్మ తలెత్తి చూసి ఇదే, ఎక్కమంది. లోపల జనం కిక్కిరిసి ఉండటంతో కండక్టరు వీళ్ల దాకా వచ్చేసరికే బస్సు చాలా దూరం పోయింది. నెమలికి మూడు టికెట్లంటే ఆయన నవ్వి, ఇది కొండూరు బస్సమ్మా అని బెల్లు కొట్టి, పత్తి చేల మధ్య దింపేశాడు. మిట్టమధ్యాహ్నం దాకా ఆ ఎండలో నిలబడి, తిరుగు బస్సు పట్టుకుని, మళ్లీ తిరువూరులో బస్సు మారి నెమలి చేరేసరికి గుడి తలుపులు వేసేశారట. కొత్త గిన్నె పొయ్యెక్కకుండానే ఇంటికి తిరిగొచ్చింది.

"అదేంటత్తయ్యా, అబ్బాయి రాసిన బోర్డే కదా, చూసుకోలేదా?" అని మా గుమ్మంలోనే అడిగేసింది రాఘవమ్మగారు.

కళ్లకి మసకలొస్తున్నట్టున్నాయని చెప్పి నాయనమ్మ లోపలికి వెళ్లిపోయింది. నాన్న మొహం మాత్రం పాలిపోయింది. బస్సు ఎంత దూరంలో ఆగింది, ఎండ కంట్లో పడిందా అని ఆవిణ్ణి ఒకటికి రెండుసార్లు అడిగాడు. చివరికి, కళ్లు చూపించుకునే దాకా ఒంటరిగా బస్సెక్కొద్దని గట్టిగా చెప్పేశాడు. తర్వాతి శనివారం ఆవిడ అలవాటుగా చీర కట్టుకుని, బుట్ట సర్దుకుని, గడప దాకా వచ్చి ఆగి, మళ్లీ ఒక్కొక్కటే బుట్టలోంచి తీసి ఎక్కడివక్కడ పెట్టేసింది. ఆ రోజు ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

హైస్కూల్లో కళ్ల పరీక్షలు చేస్తున్నారంటే నాయనమ్మని తీసుకెళ్లమని నాన్న నన్ను పంపాడు. గోడకి చేత్తో రాసిన అక్షరాల అట్ట తగిలించి ఉంది, పైన ఇంతేసి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. డాక్టరుగారు పైనుంచి చదవమన్నారు. నాయనమ్మ చాలాసేపు దానివంకే చూసింది. నేను పక్కనే నిలబడి 'ప', 'వ' అని మనసులో అందించేస్తున్నాను.

"మొదటిదానికి తలకట్టు ఒంటికి అంటలేదండి. దాని పక్కదానికి అంటుకుంది," అంది నాయనమ్మ.

డాక్టరుగారు ఇంకా కిందికి చూడమన్నారు. చీమలంత అక్షరాలున్న ఆఖరి వరస దాకా ఆవిడ అలాగే చెప్పుకుంటూ వచ్చింది: ఇది గుండ్రంగా ఉంది, దీని పొట్టలో చుక్క ఉంది, ఆ చివరిది రాసేటప్పుడు రాసినాయన చెయ్యి ఒణికింది. దగ్గరికెళ్లి చూస్తే నిజంగానే ఆ గీత ఒణికి ఉంది, నాకు అంత దూరం నుంచి అది కనిపించనే లేదు. డాక్టరుగారు అట్టని రెండో వైపుకి తిప్పారు. అక్కడ అక్షరాల్లేవు, మూడు పళ్లున్న గుర్తులు ఒక్కోటి ఒక్కో పక్కకి తిరిగి ఉన్నాయి. పళ్లు ఎటున్నాయో చేత్తో చూపించమంటే నాయనమ్మ ఒక్కటీ తప్పకుండా చూపించింది. కళ్లకేం ఢోకా లేదని చెప్పి పంపేశారు.

అప్పుడు తెలిసింది నాకు. మొదట సిగ్గేసింది, ఆవిడ తరఫున. ఆ వెనకే, ఇప్పటికీ తీరని ఒక ఆశ్చర్యం పట్టుకుంది. చదువు వచ్చాక నాకు బోర్డు చూస్తే ఊరి పేరే కనిపిస్తోంది. ఆవిడకి మాత్రం ప్రతిసారీ అక్షరమే కనిపిస్తోంది.

దారిలో నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆగింది. "మీ నాన్నకి చెప్పమాకే. ఊరందరికీ పేర్లు రాసేవాడి తల్లికి అక్షరం ముక్క రాదంటే వాడికి నామోషీ."

మరి నెమలి బస్సని ఇన్నాళ్లూ ఎలా తెలిసేదని అడిగాను.

"ఈక ఉంటుందిగా."

కొండూరు బోర్డు మీద ఈక వేసింది నేనేనని చెప్పేసి, నడిరోడ్డు మీద ఏడుపు మొదలుపెట్టాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, "అచ్చం మీ నాన్నదే అనుకున్నానే," అంది. ఆ తర్వాత నేను చేసిన పనులకి ఎవరెవరో ఏవేవో మెచ్చుకోళ్లు ఇచ్చారు గానీ, ఆ మాట దగ్గరికి ఒక్కటీ రాలేదు.

నాయనమ్మ గుట్టు బయటపడకుండా సంగతి నాన్నకి ఎలా చెప్పాలో తెలియక వసారాలో ఆయన చుట్టూ చాలాసేపు తచ్చాడాను. ఆఖరికి, కొండూరు బోర్డుకి నేనే ఈక వేశాననీ, అస్సలు బాగాలేదనీ, తీసేద్దామనీ అన్నాను. రాస్తున్న కుంచె ఆగిపోయింది. నువ్వేశావా అని ఒక్కసారి అడిగాడంతే. కుంచె టర్పెంటాయిల్లో పడేసి, పసుపు రంగు డబ్బా సంచిలో పెట్టుకుని, నన్ను సైకిలు మీద ఎక్కించుకుని బస్టాండుకి వెళ్లాడు. కొండూరు బస్సు వచ్చేదాకా ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం. కండక్టరు టైమవుతోందని గోల పెడుతున్నా వినకుండా రేకు దింపి, ఈక మీద పసుపు రంగు కప్పేసి, ఇది నెమలికి ఒక్కదానికే ఉండాలన్నాడు. ఇంటికొస్తూ దారంతా ఈల వేస్తూ సైకిలు తొక్కాడు. కోప్పడాల్సిన మనిషికి అంత సంతోషమేమిటో నాకు అర్థం కాలేదు.

మరుసటి శనివారం నాయనమ్మ, రాఘవమ్మగారూ తోడికోడలూ వెంట రాగా, తలెత్తి బోర్డు చూసి బస్సెక్కింది. సాయంత్రం విస్తరాకులో వేడి తగ్గని పొంగలి తెచ్చి మొదటి ముద్ద నా నోట్లో పెట్టింది.

నేనిప్పుడు ఫోన్లలోకీ పుస్తకాల్లోకీ తెలుగు అక్షరాలు, అంటే ఫాంట్లు, తయారుచేస్తుంటాను. అక్షరాలు ఎప్పటి నుంచో ఉన్నాయిగా, మళ్లీ చేసేదేముంటుందని చుట్టాలు అడుగుతుంటారు. నాయనమ్మ ఉంటే అడిగేది కాదు. తిరువూరు వెళ్లినప్పుడల్లా బస్టాండులో కాసేపు నిలబడతాను. ఎర్ర నీడల ఆయనా లేడు, సన్న నడుముల ఆయనా లేడు. కొట్ల ముందు ఫ్లెక్సీలు, గోడల మీద అతికించిన కాగితాలు. బస్సుల ముందు బల్బుల అక్షరాలు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తుతుంటాయి, అన్ని ఊళ్లకీ ఒకటే పోత. పోయినసారి ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని ఇది నెమలి బస్సేనా తల్లీ అని అడిగింది. అంతకు ముందు ఇంకో ముగ్గుర్ని అడగడం చూశాను.

ఇవాళ ఆ రంగు వాసనలో కూర్చుని, ఇంత కాలం దాచిన మాట నాన్నకి చెప్పాను, నాయనమ్మకి చదవడం రాదని. ఆయన కాఫీ ఊదుకుంటూ తెలుసన్నాడు. చిన్నప్పుడు తన పలకని తలకిందులుగా పట్టుకుని, భలే రాశావురా అని మెచ్చుకునేదట.

"ఈక మరెందుకు వేశాననుకున్నావు? అమ్మ ఎక్కాలిగా," అన్నాడు. ఒక గుక్క తాగి, "అమ్మ కొండూరు బస్సెక్కిన రోజు, ఈక కూడా కనపడటం మానేసిందేమోనని భయమేసింది," అన్నాడు.

నీకు తెలుసని ఆవిడకి తెలుసా అని అడిగితే, ఎప్పుడూ ఆ మాటే రాలేదన్నాడు.

లోపలికొచ్చి కంప్యూటరు తెరిచాను. ఏడాదిగా చేస్తున్న అక్షరాల్లో 'లి' తీసి, గుడిని సాగదీసి, కుడి మూలకి తీసుకెళ్లి కన్ను పెట్టాను. చెయ్యి మర్చిపోలేదు. నాన్న ఖాళీ గ్లాసుతో వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇంకే ఊరికీ వేయమాకు," అన్నాడు.