ముందే చెప్పి వెంబడించే డిటెక్టివ్

ఆ డిటెక్టివ్‌కి ఒకటే జబ్బు. ఎవరిని రహస్యంగా వెంబడించాలో ముందు వాళ్ళ దగ్గరికే వెళ్ళి ఆ సంగతి చెప్పి వచ్చేవాడు.

"నమస్కారమండీ. రేపటి నుంచి మిమ్మల్ని వెంబడిస్తున్నాను. కాస్త నెమ్మదిగా నడవండి, నాకు మోకాళ్ళ నొప్పులు."

చెప్పాపెట్టకుండా ఒకరి వెనక నడవడం మర్యాద కాదని ఆయన గట్టి నమ్మకం. మూడో అంతస్తులో గరుకు అద్దం తలుపు, దాని మీద నల్ల అక్షరాలు, లోపల కిర్రుమనే ఫ్యాను, వానాకాలం కోటు. డిటెక్టివ్‌కి ఉండాల్సినవన్నీ ఆయనకి ఉన్నాయి, రహస్యం తప్ప.

ఈ మర్యాదతో నలిగిపోయింది ఆయన టైపిస్టు. ఆయనకి స్వయానా అన్నగారి కూతురు. ఆఫీసులో "సార్" అని పిలిచేది, ఒళ్ళు మండితే "బాబాయ్" అనేది. ఉదయం పది దాటితే ఆమె నోట "సార్" వినిపించిన రోజు లేదు.

ఒక బట్టల వ్యాపారి మీద నిఘా పెట్టమని అతని భార్య అడిగింది. రెండో రోజే ఆ వ్యాపారి ఫోన్ చేశాడు. "అమ్మా, నాకు జ్వరం, ఇవాళ బయటికి రావడం లేదు. సార్‌తో చెప్పండి, పాపం ఎండలో నిలబడతారు." ఇంకొకాయన తన వారం రోజుల తిరుగుడంతా కాగితం మీద రాసి పంపాడు. కింద గీత గీసి మరీ రాశాడు: "గురువారం నడక ఎక్కువ. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి."

"మనం నిఘా పెడుతున్నామా, చుట్టరికం కలుపుకుంటున్నామా బాబాయ్? ముందే చెబితే వాళ్ళు జాగ్రత్తపడిపోరూ?"

"పడతారు. మనిషి జాగ్రత్తపడితే మంచిదేగా."

ఇలాంటి సమాధానం విన్నాక ఆమె టైపు మిషన్ మీద అక్షరాలు కొట్టేది కాదు, వాటిని దండించేది.

ఒక సోమవారం ఫోటో స్టూడియో యజమాని మెట్లెక్కి వచ్చాడు. స్టూడియోలో అన్నిటికన్నా విలువైన లెన్సు పోయింది. బీరువా తాళం ఉన్నది ఒక్కరి దగ్గరే. ఫోటోల్లో జనం మొహాల మీద ముడతలూ మచ్చలూ సన్న కుంచెతో చెరిపే పెద్దావిడ, ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే పనిచేస్తోంది.

"రుజువు తెండి. శనివారం సాయంత్రానికి తేలకపోతే పోలీసులకి అప్పగిస్తాను" అన్నాడు యజమాని.

ఆయన మెట్లు దిగీ దిగకముందే డిటెక్టివ్ కోటు తొడుక్కుని పెద్దావిడ దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పి వచ్చాడు.

"ఏమందావిడ?" అంది టైపిస్టు.

"ఐదుంబావు బస్సు రద్దీగా ఉంటుంది, ఐదున్నరది మీకు ఫరవాలేదా అని అడిగింది."

మంగళవారం ఆయన బస్సులో ఆవిడకి సీటు సంపాదించాడు. బుధవారం ఆవిడ సంచీ మోశాడు. గురువారం ఆవిడ టీకి రమ్మంది. ఆడమనిషి ఇంటికి ఒంటరిగా వెళ్ళకూడదని ఆయన టైపిస్టుని కూడా తీసుకెళ్ళాడు.

చిన్న గది. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద ఫోటోల దొంతర, దాని పక్కన నల్లగా నిగనిగలాడుతూ లెన్సు.

టైపిస్టు చూపు దాని మీదే ఆగిపోయింది. డిటెక్టివ్ మాత్రం కుర్చీని చులాగ్గా తిప్పి, బల్లకి వీపు పెట్టి గోడకేసి కూర్చున్నాడు.

"గోడ రంగు బాగుందమ్మా."

"బాబాయ్..." అని ఆమె నోరు తెరిచింది.

"చక్కెర సరిపోయిందా నీకు?" అన్నాడాయన.

పెద్దావిడ తన టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. రెండేళ్ళుగా చూపు మసకబారుతోంది. చెబితే పని మాన్పిస్తారు. అందుకే మిగిలిపోయిన ఫోటోలు ఇంటికి తెచ్చుకుని, ఆ అద్దంలోంచి చూస్తూ పూర్తి చేస్తోంది.

"ఏ అద్దమో నాకు తెలీదు, నేను గోడ చూస్తున్నాను" అన్నాడు డిటెక్టివ్. "రేపు మధ్యాహ్నం మీరు కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. మీరెటు వెళ్తే అటు రావడం నా ఉద్యోగం."

మెట్ల మీద టైపిస్టు ఆయన్ని పట్టేసింది. "బాబాయ్! లెన్సు మీ వెనకాలే ఉంది!"

"వెనక ఉన్నది నాకెలా కనిపిస్తుంది? చూస్తే రాయాలి. రాస్తే ఆవిడ పని పోతుంది. ముందే చెబితే మనిషికి సర్దుకోవడానికి నాలుగు రోజులు దొరుకుతాయి. చాలామంది సర్దుకుంటారు."

ఆమెకి పాత కేసులన్నీ గుర్తుకొచ్చాయి. పిండి డబ్బాలో దొరికిన ఉంగరం. తనంతట తానే వెనక్కొచ్చిన ఫైలు. వారం తిరక్కుండా పెందలాడే ఇంటికి చేరడం మొదలెట్టిన బట్టల వ్యాపారి. ఇన్నాళ్ళూ బాబాయ్ అదృష్టం అనుకుంది.

శనివారం లెన్సు స్టూడియోలోనే, ఫోటోలకి వెనక కట్టే తెరలు దాచే పెట్టె వెనక దొరికింది.

"అక్కడ నేను మూడుసార్లు వెతికాను!" అన్నాడు యజమాని.

"నాలుగోసారి వెతకాల్సింది" అన్నాడు డిటెక్టివ్.

ఆ రోజు టైపిస్టు కొట్టిన నివేదిక ఇది: "మంగళవారం ఇంటికి వెళ్ళారు. బుధవారం ఇంటికి వెళ్ళారు. గురువారం టీ బాగుంది. శుక్రవారం కంటి డాక్టరు. దొంగ ఎవరూ లేరు." ఆఖరి వాక్యం ఆయన చెప్పలేదు, ఆమే చేర్చింది.

మరో పది రోజులకి పెద్దావిడ కొత్త కళ్ళజోడుతో ఆఫీసుకి వచ్చింది. టైపిస్టు ఎదురెళ్ళి, అడగకుండానే కుర్చీ వేసింది. పెద్దావిడ గది నలుమూలలా చూసి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ డిటెక్టివ్ దగ్గర చూపు ఆపింది. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది.

"నాలుగు రోజులు నా వెంట తిరిగింది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నాను."

డిటెక్టివ్ టోపీ తల మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చూడండి" అన్నాడు.