కనుమ మీది పిట్టగోడ

1954 మే 14, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు గువ్వలచెరువు కనుమ శిఖరాన, లోయ అంచున కట్టిన పిట్టగోడను ఓవర్సీరుగా కొలిచి, సరిగా ఉందని కొలతల పుస్తకంలో రాశాను. దానిని కట్టిన మేస్త్రీ మాత్రం తన అలవాటు ప్రకారం లోయకు వీపు పెట్టి ప్రతి రాతి మీదా కూర్చుని చూశాడు. ఒక రాయి కదిలింది. వెంటనే ఆరడుగుల గోడ విప్పేశాడు.

"రేపే ఈ దారిన మొదటి బస్సు వచ్చేది. ఇదేం పని మేస్త్రీ?"

"నేనే కూసోలేని గోడను నమ్మి బస్సెట్ల పోతాది సామీ? ఆ పుస్తకం ఆడ పెట్టి, ఈ రాయి పట్టండి."

సాయంత్రం దాకా నేనూ రాళ్లు మోశాను. ఆ వానకాలంలోనే, బ్రేకులు పట్టని బస్సొకటి సరిగ్గా అక్కడే గోడను గుద్దుకొని ఆగింది. కబురు విని వచ్చిన మేస్త్రీ ముందు, ఆనాడు కదిలిన ఆ రాతి మీద కూర్చుని చూశాడు. అది కదలలేదు.

పోయినవి: బస్సు దీపం ఒకటి, రాళ్లు మోసిన నాడు నా వేలిగోరు ఒకటి. మిగిలినవి: బస్సులోని ఇరవై ఏడుగురు మనుషులు, ఆ గోడలోని ప్రతి రాయీ.