వేపమండ పాతిన మడుగు

మొన్న షేర్ ఆటోలో మనూరు వైపు పోతుంటే మంజీర ఒడ్డున కొత్త బోర్డు కనబడింది, గుడ్లు పెట్టే కాలంలో చేపలు పట్టరాదని. నవ్వొచ్చింది కానీ అది సంతోషంతో వచ్చిన నవ్వు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మాది వల మీద బతికిన ఇల్లు. ఏటి ఒడ్డున పెరిగిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొలి వానలకు కొర్రమట్ట చేపలు గట్టువార మడుగుల్లో పిల్లలు చేసేవి. కారప్పొడి చల్లినట్టు నీళ్లమీద ఎర్రగా పిల్లల గుంపు, కింద కాపలాగా తల్లీ తండ్రీ. అలాంటి మడుగు కంటబడితే మా నాయన ఒడ్డున కర్ర పాతి దానికి వేపమండ కట్టేవాడు, పిల్లలు పెరిగి చెదిరిపోయేదాకా అక్కడ ఎవరూ వల వేయకూడదు. నాగల్‌గిద్ద అవతలి నుంచి వచ్చే కన్నడం వాళ్లు కూడా మండను చూసి పక్కకు తిరిగిపోయేవారు. చేపలు తిని బతికే నీటికుక్కలకు మాత్రం ఆ మర్యాద తెలియదు. వాటి వాటా వాటిదని నాయన ఊరుకునేవాడు.

ఒక ఏడు వానలు సరిగ్గా పడక, వలకు చేప అందక, సగం ఊరు పనికి వలసపోయింది. పోకుండా మిగిలిన మా చిన్నాయన పొలం మోటారు నుంచి కరెంటు తీగ లాక్కొచ్చి మండ ఉన్న మడుగులోనే వేశాడు. నాయనా నేనూ పోయేసరికి తల్లీ పిల్లా అన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి.

“గట్ల జూస్తవేందన్నా, జాగ జూపిచ్చింది నువ్వే గద!” అన్నాడు చిన్నాయన, నవ్వుకుంటూ.

ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. మిగిలిన మడుగుల దగ్గరికి పోయి కర్రలన్నీ పీకేశాడు. గుర్తు ఉంటే దొంగకు దారి, లేకుంటే తెలియక మంచివాడు వల వేస్తాడు, ఎటు తిరిగీ చావు చేపకే. మరుసటి వానలకు అలాగే అయింది, కర్ర లేని మడుగుల్లో ఊరివాళ్లే తెలియక వలలు వేశారు. అన్నదమ్ములిద్దరూ మళ్లీ కలిసి ఒక వల పట్టలేదు.

కిందటి వానాకాలం మా మేనల్లుడి చేను గట్టున నడుస్తుంటే, వాగు మలుపులో నీళ్లమీద ఆ ఎర్రదనం కనబడింది. ఎన్నేళ్లకు చూశానో, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకప్పుడైతే ఊరంతా వినేలా కేకేసి చెప్పేవాళ్లం. మేనల్లుడు మంచివాడే, నా వెనకే వస్తున్నాడు. నేను ఎటు చూస్తున్నానో వాడికి తెలియకూడదని తల తిప్పుకొని, కందిచేను మాట ఎత్తి, గబగబా ముందుకు నడిచాను.