మావయ్య పడవకి అడ్డం పడిన కెమెరా

అందరి చేతుల్లోనూ మంచి ఫోన్లున్న ఆ రోజుల్లో కూడా, మెళ్లో బరువుగా వేలాడనిదాన్ని కెమెరా అనడానికి నాకు మనసొప్పేది కాదు. మచిలీపట్నంలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మొదటి జీతాలతో ఏం కొనాలో ఇంట్లో తలా ఒకటి చెబుతుండగానే (వాషింగ్ మెషీన్‌కి మద్దతు ఎక్కువ) బస్సెక్కి గుడివాడలో తెలిసిన స్టూడియో అంకుల్ దగ్గరికి వెళ్లాను. ఆయన బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి అన్నీ తనే చూసుకునే చిన్న కెమెరా. రెండోది ఎవరో వాడి అమ్మేసిన పాత డీఎస్ఎల్ఆర్, నేర్చుకునేవాళ్ల కోసం ఎప్పుడో వచ్చిన మోడల్. రెండోదాన్ని నా వైపు జరిపి, "మొదటి కెమెరాకి ఇది చాలమ్మా. కాకపోతే దీన్లో ఫోకస్ మోటార్ లేదు. ఈ లెన్సు రింగు చేత్తో తిప్పుకోవాలి, కాస్త టైము పడుద్ది," అన్నారు. షట్టర్ నొక్కి చూశాను. టక్కుమంది. ఆ చప్పుడు విన్నాక మిగతా మాటలేవీ నా చెవికెక్కలేదు.

వారం తిరక్కుండానే హంసలదీవి దగ్గరుండే మా మావయ్య ఫోన్ చేశాడు. అమ్మకి తమ్ముడు. ఇన్నాళ్లూ ఇతరుల పడవల మీద వేటకెళ్లి, మొదటిసారి సొంత పడవ కొనుక్కున్నాడు. "ఆదివారం దింపుతున్నాం. ఫోటోలు నువ్వే తియ్యాలి, ఇంకెవర్నీ పిలవట్లేదు," అన్నాడు.

పొద్దున పోటు మీదున్న నీళ్లు పడవ దాకా వచ్చాయి. కొబ్బరికాయ కొట్టారు. మనుషులు రెండు పక్కలా చేరి తోస్తున్నారు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రింగు తిప్పుతున్నాను. పడవెక్కి ముందువైపు నిలబడ్డ మావయ్య ముఖం స్పష్టంగా కనిపించేసరికి పడవ ముందుకొచ్చేస్తోంది. మళ్లీ తిప్పితే మళ్లీ వచ్చేస్తోంది. "మావయ్యా, ఒక్క నిమిషం," అన్నాను. ఆయన చెయ్యెత్తి, "ఆగండ్రా, మా మేనకోడలు ఫోటో తీసుకోవాలంట," అన్నాడు. కుడిపక్కవాళ్లు ఆగారు. ఎడమపక్కవాళ్లకి వినపడలేదు. పడవ అడ్డం తిరిగి, ముక్కు ఇసకలో దిగబడింది. ఎంత తోసినా కదల్లేదు. ఈలోగా నీళ్లు వెనక్కి తీశాయి. "ఇంక పోటొచ్చేది సాయంత్రానికే," అన్నాడొక పెద్దాయన.

శుభమా అని దింపుతుంటే ఇలా చేశానేమిటని నాకు ఏడుపొచ్చింది. మావయ్య దగ్గరికొచ్చి, "ఇంతకీ నేను పడ్డానా?" అని అడిగాడు. చూపించాను. ఆయన వెనకున్న సరుగుడు చెట్లు చాలా స్పష్టంగా పడ్డాయి.

మధ్యాహ్నం అత్తయ్య పడవ నీడలో కూలబడింది. రోజూ ఆ వేళకి కోడూరులో చేపలమ్ముతూ ఉంటుంది. "తియ్యవే, ఇయ్యాల నాకూ పని లేదుగా," అంది. కదలకుండా కూర్చుంది కాబట్టి రింగు తీరిగ్గా తిప్పుకున్నాను. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. సాయంత్రం ఆ ఫోటోలన్నీ కెమెరా వెనకున్న చిన్న తెర మీద చూసుకుని మురిసిపోతుంటే ఏదో కేక వినిపించింది. తలెత్తేసరికి పడవ నీళ్లలో తేలుతోంది, దాని మీంచి మావయ్య నాకు చెయ్యూపుతున్నాడు.

పడవ దిగుతున్న ఫోటో మా ఎవరి దగ్గరా లేదు. అత్తయ్య ఫోటో మాత్రం పెద్దది చేయించి వాళ్లింట్లో పెట్టుకున్నారు. మొన్న వెళ్లినప్పుడు అత్తయ్యని ఫోన్‌తో గబగబా నాలుగు తీసి చూపించాను. "బానే ఉన్నాయి గానీ, ఆరోజు నన్ను కూర్చోబెట్టావు చూడు, అట్టా ఇంకెవరూ కూర్చోబెట్టలేదే," అంది. కూర్చోబెట్టింది నేను కాదు, కదలని పడవ అని చెప్పబోయాను. ఆనాటి ఆ పిల్లకి ఆ మాత్రం మంచిపేరు ఉండనిద్దాంలే అనిపించి, నవ్వేశాను.